హన్నా పెళ్లిచీర ఏ రంగు

గోదావరిఖని,
20 ఫిబ్రవరి 2025.

యేసుబాబుకు,

నా పేరు మారుపాక సారవ్వ. వయసు డెబ్బై నాలుగు. ఇంటాయన తీతు బొగ్గుబాయిలో ముప్పై ఒక్క ఏండ్లు పనిచేసి, నౌకరీ దిగిపోయాక తొమ్మిదేండ్లు బతికి, ప్రభువు దగ్గరికి పోయాడు. ఒక్కతే బిడ్డ హన్నా, జ్యోతినగర్‌లో టీచరు. ఇంట్లో నేనొక్కదాన్నే. నువ్వు నా మరిది కొడుకువి, ఇదంతా నీకు తెలిసిందే. అయినా చెప్పిస్తున్నాను. నువ్వు పంపిన బొమ్మ చూశాక, నీకు సొంత మనుషులను గుర్తుపట్టే శక్తి ఉందో లేదో అని అనుమానం వచ్చింది.

ఫోన్ చేయకు. ఫోన్‌లో గట్టిగా అడిగితే "పెద్దమ్మా, మాట కట్ అయితుంది" అంటావు. కాగితం కట్ కాదు. నాకు అక్షరం రాదు కాబట్టి వీధికి ఆ పక్కింటి కోడలు జమున రాస్తున్నది. నా మాటను బడి తెలుగులోకి దిద్దుతానంటే సరేనన్నాను. తిట్లు మాత్రం దిద్దొద్దన్నాను.

సంగతి ఇది. హన్నా పెళ్లి వీడియో క్యాసెట్‌ను ముప్పై ఏండ్లు బట్టల పెట్టెలో దాచి, శ్రీరాంపూర్‌లో పెద్ద స్టూడియో పెట్టావు కదా అని నీ చేతిలో పెట్టాను. దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించి వేలెడంత ముక్కలో పంపావు. టీవీకి గుచ్చి చూశాం. ఏం చూశాం? బంతిపూలు పాచిపోయినట్టున్నాయి. విస్తర్లలో అన్నం నీలిమందులో ముంచినట్టుంది. అందరి ముఖాలకూ బూడిద పూశావు. తీతు నవ్వుతూ నడిచి వస్తుంటే, శవపెట్టెలోంచి లేచి వస్తున్నట్టుంది. నా మొగుడిని నేను ఒకసారి శవంగా చూశాను, చాలు. రెండోసారి చూపించడానికి నువ్వెవడివి?

చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒకామె, పెళ్లికూతురు కనబడగానే లేచి వెళ్లిపోయింది. ఎవరన్నది నీకు అవసరం లేదు.

"రంగులు బాగుచేసిన" అని చెప్పి పంపావట. దీన్ని బాగుచేయడం అంటే, పాడుచేయడం ఎట్లుంటదో చూపించకు. జవాబు రాయి.

సారవ్వ వేలిముద్ర
రాసినది జమున

శ్రీరాంపూర్,
2 మార్చి 2025.

పూజ్యులైన పెద్దమ్మకు వందనాలు.

మీ ఉత్తరం స్టూడియోలో అందరి ముందూ విప్పాను. అది నా తప్పే.

కోపం తగ్గాక ఈ మాట వినండి. ముప్పై ఏండ్ల క్యాసెట్‌లో టేపు మీది రంగులు చెదిరిపోతాయి. పైగా ఆనాటి కెమెరా ఆయన చర్చి లోపల పెద్ద లైటు వేసి తీశాడు, ఆ లైటుకు అంతా పసుపుపచ్చగా పడుతుంది. దాన్ని సరిచేయాలంటే బొమ్మలో నిజంగా తెల్లగా ఉన్న వస్తువు ఏదో కంప్యూటర్‌కు చూపించాలి. "ఇది తెలుపు" అని అక్కడ నొక్కితే, అది తెల్లబడే దాకా మిగతా రంగులన్నిటినీ అదే జరుపుకుంటుంది. పని అంతా ఆ ఒక్క నొక్కుడులోనే ఉంది.

మన సంఘాల్లో పెళ్లికూతురు కట్టేది తెల్లచీర. ఇందులో వెతకాల్సింది ఏముంది? హన్నక్క చీర మీద నొక్కాను. చీర పాలలా వచ్చింది. ముఖాల్లో కొంచెం నీలం ఎక్కి ఉండొచ్చు, పాత టేపుకు అంతకన్నా ఆశించకూడదు. పదిహేనేండ్లుగా ఇదే పని చేస్తున్నాను, ఎవరూ పేరు పెట్టలేదు.

ఆరోగ్యం జాగ్రత్త.

మీ కొడుకు
యేసుబాబు

గోదావరిఖని,
11 మార్చి 2025.

పదిహేనేండ్ల పనిమంతుడు యేసుబాబుకు,

ఎవరూ పేరు పెట్టలేదంటే, నీ దగ్గరికి వచ్చినవాళ్లకు కండ్లు లేవని అర్థం.

ఆ చీర తెలుపని నీకెవరు చెప్పారు? పెళ్లికూతురు అంటే తెల్లచీర, ఇంక చూసేదేముంది అనుకున్నావు. కండ్లతో చూడకుండా పెండ్లి పేరు విని రంగు వేసేవాడికి అన్ని మిషన్లు ఎందుకు? ఆ చీర నిమ్మపండు రంగు. లేత పసుపు. పసుపును పట్టుకుని "ఇది తెలుపు" అని మిషన్‌కు అబద్ధం చెప్పావు. అది నిన్ను నమ్మింది. పసుపంతా పీకి నీలం పోసింది. ఈ మాత్రం నేను బట్టలు ఉతికి నేర్చుకున్నాను. పాతబడి పసుపెక్కిన గుడ్డకు నీలిమందు పెడితే తెల్లబడుతుంది. పసుపు రంగుదే అయిన గుడ్డకు పెడితే చచ్చిపోతుంది.

ఇప్పుడు తెలివి వచ్చి పాస్టరుగారి అంగీ మీద నొక్కుతావేమో, నొక్కకు. పదేండ్లు ఆ అంగీలు ఉతికింది నేనే. పెళ్లి అని ఆ వారం రెండు మూతలు నీలిమందు ఎక్కువ వేశాను. దాన్ని పట్టుకుంటే బొమ్మంతా కామెర్లు వచ్చినట్టు తేలుతుంది. చర్చి గోడ అంటావా, బాయి పక్కన తెల్లగోడ ఎప్పుడైనా చూశావా? సున్నం ఆరకముందే దుమ్ము పడుతుంది.

అన్నం మీద నొక్కు. భోజనాల దగ్గర బంతి లేవకముందు, కూర పడని విస్తరి ఒకటుంది. ఆ బియ్యం నేనే ఏరాను. దానికి ఎవరూ నీలం పెట్టలేదు. అదే లైటు కింద తీశారు కూడా. చర్చి వెనక హాలులోనే బంతి వేశాం.

ఇంకొకటి. తీతు నల్లనివాడు. అది బొగ్గు నలుపు కాదు, స్నానం చేస్తే పోయేది కాదు. ఎండలో నిలబడితే ఆ నలుపు కింద రాగి కనబడేది. ఆ రాగి రాకపోతే ముక్క వెనక్కి తీసుకుపో.

సారవ్వ వేలిముద్ర
రాసినది జమున

శ్రీరాంపూర్,
24 మార్చి 2025.

పెద్దమ్మకు వందనాలు.

మీకు అబద్ధం చెప్పి లాభం లేదు. ఆ చీర పసుపని నాకు తెలుసు. ఆ పెళ్లిలో నేనూ ఉన్నాను. పెళ్లికొడుకు వాళ్లు తెచ్చిన తెల్లచీర చర్చికి వచ్చేసరికి పసుపుగా ఉండడం, బస్సు తిప్పుతామని వాళ్లు లేవడం, అన్నీ గుర్తున్నాయి.

ఎందుకట్లా అయిందో కూడా మా ఇంట్లో అందరికీ తెలుసు. అప్పుడు క్వార్టర్లలో మీ గోడ పక్కన ఉన్న అనసూర్య, భర్త బిక్షం బాయిలో పోయి మూడు నెలలు కాలేదు, తన బతుకు తెల్లారిందని ఏడుపుతో, ఆరేసిన చీరను తెచ్చి పసుపు నీళ్లలో ముంచింది. విధవ చేతి పసుపు. ఇది నేను కల్పించింది కాదు పెద్దమ్మా. చర్చి మెట్ల మీద అందరి ముందూ మీరే చెప్పారు. మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

మే పదిహేడున హన్నక్క పెళ్లికి ముప్పై ఏండ్లని చర్చిలో కృతజ్ఞత కూడిక పెడుతున్నారు. పెద్ద తెర మీద ఈ వీడియో వేస్తారు. అంతమంది ముందు ఆ పాడు మరక మళ్లీ ఎందుకని నేనే కావాలని తెల్లగా చేశాను. ముఖాలు కొంచెం చెడినా పరువు దక్కిందనుకున్నాను. ఆ అనసూర్యమ్మకూ మేలే కదా. చీర తెల్లగా ఉంటే ఎవరూ ఆమె పేరు ఎత్తరు.

మెచ్చుకుంటారనుకున్నాను.

మీ కొడుకు
యేసుబాబు

గోదావరిఖని,
1 ఏప్రిల్ 2025.

యేసుబాబుకు,

నీ కాగితం నాకు చదివి వినిపించింది ఎవరో తెలుసా? జమున. ఆమె అత్త పేరు అనసూర్య.

సగం దాకా మంచిగనే చదివింది. తరువాత ఆగింది. "అవ్వా, ఈడ అక్షరాలు సమజైతలేవు" అన్నది. నీ అక్షరాలు మంచిగనే ఉంటాయని నాకు తెలుసు, అదొక్కటే నీకు వచ్చింది. "చదువు" అన్నాను. చదివింది. ఒక్క మాట దాటేయకుండా చదివింది. చదివి కాగితం మడిచి నా ఒడిలో పెట్టి, "మా ఇంట్ల ఈ ముచ్చట ఎన్నడు ఎత్తలే. నిజమేనా అవ్వా?" అన్నది.

"నువ్వు రాయి" అన్నాను.

"ఏం రాయాలె? గిది నిజమని రాయాల్నా?"

"నేను చెప్పింది రాయి. అడుగుడు నీ పని కాదు."

రాస్తున్నది. కలం ఎంత గట్టిగా నొక్కుతున్నదో, అక్షరం రాని నాకే కనబడుతున్నది.

నీకు ఒక్కటే చెబుతున్నాను. పరువు దక్కించడానికి నిన్నెవరు పిలిచారు? రంగులవాడివి, రంగులు చూసుకో. విధవ చేతి పసుపు అని రాశావు. ఆదివారం ఆదివారం బైబిలు చంకన పెట్టుకుని పోతావు, ఇట్లాంటి మాట నీ నోట ఎట్లా వచ్చింది? నా నోట వచ్చిందంటావు. నా సంగతి నేను చూసుకుంటాను.

అన్నం మీద నొక్కి, మళ్లీ పంపు.

సారవ్వ వేలిముద్ర

శ్రీరాంపూర్,
19 ఏప్రిల్ 2025.

పెద్దమ్మకు,

అన్నం మీద నొక్కాను.

నేను ఒప్పుకోకుండా ఉండలేను. స్టూడియోలో నలుగురం నిలబడి చూశాం. ముందు బంతిపూలకు ప్రాణం వచ్చింది. తరువాత ఇటుక రంగు గచ్చు. పెదనాన్న నడిచి వచ్చాడు, మీరు చెప్పిన రాగి ఉంది. ఆయన చెవుల మీద వెలుతురు పడి ఎర్రగా కనబడింది. ఇన్నేండ్లలో ఆ మనిషి ముఖాన్ని మరిచిపోయానని అప్పుడే తెలిసింది. చీర నిమ్మపండు రంగే. నిజం చెప్పాలంటే అక్కకు తెలుపు కన్నా అదే నప్పింది.

కానీ రెండు చిక్కులు.

మొదటిది. నేను దాచిన మాట ఒకటుంది. చీరను తెల్లగా చేయమని మొదట అడిగింది హన్నక్కే. ముప్పై ఏండ్లుగా అత్తగారింట్లో ఆమెను వెనక "పసుపుకొమ్ము" అంటారట. బావ చెల్లెండ్లు ఇప్పటికీ నవ్వుతారట. నిన్న ఫోన్‌లో ఈ కొత్త బొమ్మ సంగతి చెబితే, "పసుపుది ఏస్తే నేను ఆ దినం చర్చికి రాను. అమ్మకు చెప్పు. నా పెండ్లి ఒక్కసారన్న తెల్లగ ఉండనియ్యి" అని ఏడ్చింది. నేనేం చేయాలి?

రెండోది. రంగులు సరిగ్గా వచ్చాక ఇంతకుముందు కనబడనిది ఒకటి కనబడింది. ప్రార్థనకు ముందు మీరు అక్క తలమీది ముసుగు సర్దుతుంటే కెమెరా ఆయన దగ్గరగా తీశాడు. మీ చేతులు, మణికట్టు దాకా, పసుపుగా ఉన్నాయి. గోళ్ల సందులో మరీ చిక్కగా. లైటు వల్లనేమో అని పక్కనున్నవాళ్ల చేతులన్నీ చూశాను. ఎవరివీ అట్లా లేవు. అనసూర్యమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది, ఆమె చేతులు కొంగు కింద ఉన్నాయి.

పెద్దమ్మా, మీ చేతులకు ఆ పసుపు ఎక్కడిది?

యేసుబాబు

గోదావరిఖని,
9 మే 2025.

యేసుబాబుకు, వాని ద్వారా చర్చిలో ఉన్న అందరికీ,

ఈ కాగితాన్ని మే పదిహేడున తెర మీద బొమ్మ వేయడానికి ముందు చదవాలి. చదివేది యేసుబాబే. గొంతు తగ్గించకుండా చదవాలి.

నేను మారుపాక సారవ్వను, బుద్ధి నిమ్మళంగా ఉండి చెప్పిస్తున్నాను. హన్నా పెళ్లిచీరకు పసుపు పెట్టింది నేను.

ఆ సంవత్సరం ఫిబ్రవరిలో బాయిలో కప్పు కూలి బిక్షం పోయాడు. దవాఖాన నుంచి తెల్లగుడ్డలో చుట్టి తెచ్చారు. పిన్నులు తీసి ఆ గుడ్డను విప్పిన రెండు చేతులు నావి. అనసూర్యకు చూపించకముందు ముఖం తుడవాలని విప్పాను. ఎంత తుడిచినా కండ్ల చుట్టూ బొగ్గు పోలేదు. మూడు నెలలకు పెళ్లికొడుకు వాళ్లు చీర పంపారు. మడత విప్పాను. అదే తెలుపు. అదే గంజి వాసన. నా బిడ్డను అందులో చుట్టి పంపాలంటే నా చేతులు రాలేదు. క్రైస్తవురాలివి, నీకీ పట్టింపు ఏమిటని అడగాలనుకునేవాడు, ముందు పోయి ఒక శవం గుడ్డ విప్పి వచ్చి అడగాలి.

పెళ్లి ముందురోజు నల్లా నీళ్లు వచ్చే వేళకు చీరను తడిపి పసుపు నీళ్లలో ముంచాను. ఆరేశాను. మంచిగా ఉందనుకున్నాను.

తెల్లవారి చర్చి మెట్ల మీద పెళ్లికొడుకు మేనమామ లేచాడు. "మేం తెచ్చిన చీరెకు పసుపు పూసింది ఎవలు? ఇదేం సంఘం? బస్సు తిప్పుండ్రి" అన్నాడు. నేను పూశానని చెప్పడానికి ఒక్క మాట చాలు. సంతలో బియ్యం తూకం తగ్గితే దుకాణం కూలగొట్టే నోరు నాది. ఆ పొద్దు భయపడింది. అనసూర్య పక్కనే ఉంది, నా చుట్టాలలో కాదు, నా మతంలో కాదు, మొగుడు లేడు, అడిగేవాళ్లు లేరు. చేయి చాపి చూపించాను. "గదిగో, గా అనసూర్య. మొగడు పోయిన ఏడ్పుతోటి చేసింది" అన్నాను.

ఆమె తల వంచుకుంది. ఆమెను బంతిలో కూర్చోబెట్టలేదు. మీలో సగం మంది ఆ అన్నం తిన్నారు.

తీతు పోయిన దినం పిలవకముందే వచ్చి నా తల పట్టుకుని కూర్చున్నది ఆమే. ఆ రోజన్నా చెప్పలేదు. చెప్పకపోతే ఏమైంది, మాట్లాడుతూనే ఉంది కదా అనుకున్నాను. నా అంత నీచురాలు ఈ వీధిలో లేదు. నేను ఎందరినో తిట్టాను, వాళ్లందరూ నాకన్నా మేలు.

హన్నా, నువ్వు రాకపోతే నీ ఇష్టం. నీ చీర తెల్లగా కనబడితే నిన్ను నవ్వినవాళ్ల నోరు మూతపడుతుంది, నిజమే. కానీ అనసూర్య మీద పడిన నింద అట్లనే ఉంటది. నువ్వు అత్తగారింట్లో పడ్డ మాట నా పసుపు వల్ల. ఇక మీదట నవ్వేవాళ్లను నా దగ్గరికి పంపు. బొమ్మ పసుపుగానే పడాలి.

ఇక్కడ జమున రాయడం ఆపింది. "అవ్వా, మా అత్తను పిలుస్తా. ఆమె ఇనకుండ నేను ఇంక అక్షరం ముట్ట" అన్నది. వద్దన్నా పోయి పిలుచుకొచ్చింది. మొదటి నుంచి చదివింది. అనసూర్య గడపలో నిలబడే విన్నది. నేను ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వింది. మంచి నవ్వు కాదు.

"సగం అబద్ధం" అన్నది.

ఏది అబద్ధం అన్నాను.

"అంత నువ్వే చేసినట్టు రాయించుకున్నవ్. నీకు పసుపు కలుపుడు వచ్చునా? మూడు గుప్పిళ్లు తెచ్చి బకెట్ల గుమ్మరించినవ్. అండ్ల ముంచితే చీరె కూరల పడ్డట్టే ఉండేది. సగం పారబోసి, నీళ్లు వోసి, ఇంత ఉప్పేసి, నిమ్మపండు రంగుకు తెచ్చింది ఎవలు? నేను. ముండమోసినదాన్ని ముట్టద్దంటరని తెలిసే ముట్టిన. పిల్ల నా చేతుల మీద పెరిగింది. దానికి తెల్లది నాకు గూడ చూడబుద్ధి కాలే. ఏడ్పుతోటి చేసిన అన్నవ్, గదీ అబద్ధం. అండ్ల నా చెయ్యే పడలేదన్నట్టు ఇప్పుడు రాస్తున్నవ్, ఇది గూడ అబద్ధమే. నింద మోపినప్పుడు నా ఒక్కదాని పేరు, మంచి రంగని ఒప్పుకునేటప్పుడు నీ ఒక్కదాని పేరా?"

"ఇన్నేండ్లు ఎందుకు నోరు తెరువలే?" అన్నాను.

"ఆ పొద్దు పిల్ల పెండ్లి ఆగద్దని. తరువాత నువ్వే చెప్తవని."



"సారవ్వా, నువ్వు మస్తు మొండిదానివి గని తెలివిగలదానివి కాదు" అని, లోపలికి వచ్చి, నా మంచం మీదనే కూర్చుంది. నన్నింత మాట అన్నవాళ్లు ఇదివరకు ఎవరూ లేరు. రాయమన్నాను. ఆమె చెప్పినట్టే, ఒక్క ముక్క దిద్దకుండా రాయమన్నాను.

కాబట్టి పైన నేను చెప్పింది సరిచేస్తున్నాను. చీరను ముంచింది నేను. ఆ రంగు అనసూర్యది. ఇద్దరం కలిసి, ఇష్టంగా చేశాం. ఏడుపు మాట నా నోటి నుంచి పుట్టింది, ఆమె కడుపు నుంచి కాదు.

చదివి వినిపించగా ఇద్దరం విని ఒప్పుకున్నాం.

మారుపాక సారవ్వ, ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
1. బొల్లం జమున, రాసినది
2. బొల్లం అనసూర్య, భర్త కీర్తిశేషులు బిక్షం. వేలిముద్ర వద్దన్నది. రాత్రిబడిలో నేర్చిన సంతకం తానే పెట్టింది.